కండువా తీసేశాక ఏం చేయాలి? సికింద్రాబాద్ నుంచి ఒక సంఘ పెద్ద జవాబు

తమ్ముడూ, వందనాలు. నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ముందు చెబుతాను, తప్పుంటే దిద్దు. నీకు 31 ఏళ్లు, మల్కాజిగిరి వైపు ఉంటావు. రెండు ఎన్నికల్లో ఒకే నాయకుడి కోసం తిరిగావు, ఎందుకంటే మీ సంఘానికి సమాధుల తోట కోసం స్థలం ఇప్పిస్తానని ఆయన మాటిచ్చాడు. ఎన్నికల ముందు ఆదివారం మీ పాస్టర్ గారు చర్చిలో ప్రసంగ పీఠం, అదే పుల్పిట్ మీద నుంచే ఆయన పేరు చెప్పారు. ఆయన గెలిచాడు, కొన్నాళ్లకు పార్టీ మారాడు, స్థలం రాలేదు. మీ నాన్నగారిది అవతలి పార్టీ. ఆ గొడవల్లో ఆయన మీద నోరు జారావు, ఇప్పుడు ఇద్దరికీ మాటల్లేవు. ఓటు మానేద్దామా, చర్చి కూడా మానేద్దామా, ఇదంతా సాతాను పనేనా అని అడిగావు. ఇంట్లో పడి ఉన్న కండువాలు ఏం చేయాలని చివర్లో ఒక మాట కలిపావు, అది నవ్వుతూ అడిగావో ఏడుస్తూ అడిగావో తెలియలేదు.

నా సంగతి కూడా చెప్పాలి కదా. నాకు 67. చిలకలగూడలో ముప్పై ఏళ్లకు పైగా చిన్న ప్రింటింగ్ ప్రెస్ నడిపాను, ఇప్పుడు మా పెద్దవాడు చూసుకుంటున్నాడు. మా సంఘంలో సండే స్కూల్ చెప్పాను, రెండు దఫాలు పాస్టరేట్ కమిటీకి, అంటే సంఘం పనులు చూసే కమిటీకి, సెక్రటరీగా చేశాను. వీటితో పాటు 14 ఏళ్లు ఒక పార్టీ కండువా వేసుకుని తిరిగాను, నాలుగు ఎన్నికల్లో పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నాను. మా చిన్నవాడిది నీ వయసే, అందుకే నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

సాతాను సంగతి కాసేపు పక్కన పెట్టు. బైబిల్లో ఏలీయా ప్రవక్త గుర్తున్నాడా? కర్మెలు కొండ మీద అంత పెద్ద విజయం చూశాడు. ఆ వెంటనే యెజెబెలు రాణి చంపుతానని ఒక్క కబురు పంపిస్తే పారిపోయి, బదరీ వృక్షం కింద పడుకుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు ఆయనకు అక్కడ ప్రసంగమేమీ చెప్పలేదు. దూత వచ్చి రొట్టె, నీళ్లు పెట్టాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. మాట్లాడడం తర్వాత, హోరేబు కొండ దగ్గర. నువ్వు నెలల తరబడి నిద్ర లేకుండా తిరిగావు, ఫోన్ పక్కన పెట్టింది లేదు. ఎన్నికలయ్యాక వచ్చే నీరసాన్ని చాలామంది విశ్వాసం పోయిందనుకుంటారు. 2009 ఎన్నికల తర్వాత నాకూ ప్రార్థన చేయబుద్ధి కాలేదు, దేవుడు నన్ను వదిలేశాడనుకున్నాను. మా ఆవిడ లాక్కెళ్లి రక్తపరీక్ష చేయిస్తే షుగర్ 280 ఉంది. నీ వయసుకు అది కాకపోవచ్చు. కానీ ఓ నెల రోజులు వేళకు తిని పడుకో, పార్టీ గ్రూపుల్లోంచి బయటికొచ్చెయ్. చర్చి మానాలా వద్దా అన్న నిర్ణయం ఈ నెలలో తీసుకోకు.

ఇక అసలు విషయం. నీకు విరక్తి వచ్చింది రాజకీయాల మీద అంటున్నావు. నాకు అట్లా అనిపించడం లేదు. పార్టీ ఇవ్వలేనిది నువ్వు పార్టీని అడిగావు, నేనూ అడిగాను. ఆ సంగతి నాకు తెలిసొచ్చింది ప్రెస్‌లో.

ఎన్నికల కరపత్రం అచ్చువేస్తే కింద ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, చిరునామాలు వేయాలి, 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127-ఏ సెక్షన్ ఉంది. కాబట్టి ఏ కరపత్రం ఎవరిదో, ఎన్ని వేశామో నా దగ్గర లెక్క ఉండేది. ఒక నాయకుడు ఒక ఎన్నికకు నా దగ్గర కరపత్రం వేయించాడు. తర్వాతి ఎన్నికకు పార్టీ మారి మళ్లీ నా దగ్గరికే వచ్చాడు. చేతిలో పాత కరపత్రమే ఉంది. దాన్ని టేబుల్ మీద పెట్టి, "అన్నా, గుర్తు మార్చు, కండువా రంగు మార్చు, మ్యాటర్ గట్లనే ఉండనీ" అన్నాడు. నేను ఆపరేటర్ పక్కన కూర్చుని చూస్తున్నాను. ఫొటోలో ఆయన మెడ చుట్టూ ఉన్న రంగు తీసి ఇంకో రంగు పూస్తున్నాడు. అంచుల దగ్గర పాత రంగు కొంచెం మిగిలిపోయింది, దాన్ని పెద్దది చేసుకుని ఒక్కో చుక్కా చెరిపాడు. అంతా కలిపి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ పాత కరపత్రం కోసం నేను మా బామ్మర్దితో మూడేళ్లు మాట్లాడలేదు. ఆ ఇరవై నిమిషాలూ నాకు అదే గుర్తొచ్చింది. (రెండో బిల్లులో సగం ఇంకా రావాలి, అది వేరే సంగతి.)

ఇది ఒక్క మనిషి కథ కాదని నీకూ తెలుసు. 2018లో మన రాష్ట్రంలో కాంగ్రెస్ 19 సీట్లు గెలిచింది. ఒకాయన ఎంపీగా వెళ్లి రాజీనామా చేశాక 18 మంది మిగిలారు, వాళ్లలో 12 మంది 2019 జూన్‌లో టీఆర్ఎస్‌లో విలీనమైపోయారు. సరిగ్గా మూడింట రెండొంతులు, ఫిరాయింపుల చట్టం తగలకుండా. 2023 తర్వాత బండి వెనక్కి తిరిగింది. బీఆర్ఎస్ గుర్తు మీద గెలిచిన పది మంది మీద కాంగ్రెస్ వైపు వెళ్లారని ఫిర్యాదు. అది సుప్రీంకోర్టు దాకా పోతే, మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న కోర్టు స్పీకర్‌కు చెప్పింది. వాళ్లు ఒకరింటికొకరు పెళ్లిళ్లకు వెళ్తూనే ఉన్నారు, చూశావా? మాటలు మానుకున్నది మనమే.

మా సంఘంలో జరిగింది ఒకటి చెప్తాను. ఇందులో తప్పు నాదే.

నేను సెక్రటరీగా ఉన్నప్పుడు సెమీ క్రిస్మస్‌కు, అంటే పండగకు ముందు జరిపే వేడుకకు, ఒక నాయకుణ్ని పిలిచాం. ఆరింటికి అన్నారు, ఎనిమిదింపావుకు వచ్చారు. ఈలోగా సండే స్కూల్ పిల్లలు వేషాలు వేసుకుని మెట్ల మీద కూర్చున్నారు. గొర్రెల కాపరి వేషం వేసిన పిల్లవాడు తలకు చుట్టిన తువ్వాలుతోనే నిద్రపోయాడు, గొర్రె వేషం పిల్లకు అంటించిన దూది సగం రాలిపోయింది. ఆయన వచ్చేసరికి వెంట పాతిక మంది ఉన్నారు. ముందు వరుసలో ఎప్పుడూ ఒక పెద్దావిడ కూర్చునేది, ఎనభై దాటాయి, చెవులు సరిగా వినపడవు, అందుకే ముందు కూర్చోవడం. ఆమెను నేనే లేపాను. చెయ్యి పట్టుకుని వెనక వరుసకు తీసుకెళ్లి, ఆమె కుర్చీ మీద తెల్ల తువ్వాలు పరిచాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "ఏం గాదు కొడుకా, ఎనకకెల్లి గూడ ఇనబడ్తది" అంది. వినపడదని ఇద్దరికీ తెలుసు. ఆయన పది నిమిషాలు మాట్లాడాడు, శాలువా కప్పించుకున్నాడు, కేకు కోశాడు, పిల్లల నాటకం మొదలవకముందే వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆదివారం పాఠం చెప్పడానికి యాకోబు పత్రిక రెండో అధ్యాయం తెరిచాను. నేను ఎంచుకున్నది కాదు, వరసలో వచ్చింది. బంగారు ఉంగరం పెట్టుకుని మంచి బట్టలతో ఒకడు వస్తే మంచి చోటు చూపించి, పేదవాణ్ని అక్కడ నిలబడు, నా పాదపీఠం దగ్గర కూర్చో అంటే మీలో మీరే భేదాలు పెట్టుకున్నట్టు కాదా అని అడుగుతాడు ఆయన. పదకొండేళ్ల పిల్ల లేచి, "అంకుల్, మొన్న నానమ్మను లేపారు కదా, అట్లనా?" అంది. అవునమ్మా, అట్లనే అన్నాను. ఇంకేం చెప్పను?

నాయకులను చర్చికి పిలవకూడదని నేననడం లేదు. రంజాన్‌కు, బతుకమ్మకు ఇచ్చినట్టే క్రిస్మస్‌కు ప్రభుత్వం బట్టలు ఇచ్చింది, ఎల్బీ స్టేడియంలో విందు పెట్టింది. అది మర్యాదే, మనం ఈ ఊరి వాళ్లమే అన్న గుర్తింపే. అయితే ఆ బట్టలకు, విందుకు టోకెన్లు ఎవరికి ఇవ్వాలన్న దగ్గర మా సంఘంలో పుట్టిన గొడవ చల్లారడానికి ఈస్టర్ దాకా పట్టింది. నాయకుడు వస్తే రానీ, అందరితో పాటు బెంచీ మీద కూర్చుని వాక్యం విని వెళ్లనీ.

ఇప్పుడు మీ పాస్టర్ గారి సంగతి. ఎన్నికల ముందు ఫంక్షన్ హాళ్లలో పాస్టర్ల ఆత్మీయ సమ్మేళనాలు జరుగుతాయి, నీకు తెలియనివి కావు. అన్ని పార్టీలూ పెడతాయి. బిర్యానీ, శాలువా, ఫొటో. ప్రింటర్‌ని కాబట్టి ఒకే వారంలో రెండు పార్టీల సమ్మేళనాలకు ఆహ్వాన పత్రాలు నేనే వేశాను, రెండింటిలోనూ సగం పేర్లు అవే. రాజుల మొదటి గ్రంథం 22వ అధ్యాయం చదువు. అహాబు రాజు యుద్ధానికి పోవాలా వద్దా అని అడిగితే దాదాపు నాలుగు వందల మంది ప్రవక్తలు ఒక్క నోటితో పో, గెలుస్తావు అన్నారు. మీకాయా ఒక్కడే వద్దన్నాడు. అతణ్ని పిలవడానికి వెళ్లిన మనిషి దారిలో సలహా కూడా ఇస్తాడు: అందరూ మంచే చెప్పారు, నువ్వూ అట్లాగే చెప్పు అని. ఆ దూత నాకు బాగా తెలుసు. ఒక ఎన్నికలో మా అయ్యగారి, అంటే మా పాస్టర్ గారి దగ్గరికి అట్లాంటి సలహా మోసుకెళ్లింది నేనే. ఆయన నవ్వి టీ ఇప్పించారు, పుల్పిట్ మీద మాత్రం ఎవరి పేరూ ఎత్తలేదు. నాకు అప్పుడు కోపం వచ్చింది.

వాక్యం అట్లా ఉంచితే, చట్టం కూడా ఒప్పుకోదు. మత సంస్థల దుర్వినియోగ నివారణ చట్టం 1988లో వచ్చింది. గుడి కానీ మసీదు కానీ చర్చి కానీ, ఆ ఆవరణను పార్టీ ప్రచారానికి వాడకూడదు. నిర్వాహకులు వాడితే ఐదేళ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా ఉంది. ఎన్నికల నియమావళిలోనూ ప్రార్థనా స్థలాలను ప్రచార వేదికలు చేయొద్దని ఉంది. మతం పేరుతో ఓటు అడగడం ఇందాక చెప్పిన ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షన్ కింద అక్రమ పద్ధతి. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా అంతేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం 4-3 తేడాతో చెప్పింది. చాలామంది పాస్టర్లకు ఇవేవీ తెలియవు. ఇది నీకు కేసు పెట్టమని చెప్పడం లేదు, ఆయనకు తెలియజేయమని చెబుతున్నాను.

ఎలా తెలియజేయాలో మత్తయి 18లో ఉంది, ముందు నీవూ ఆయనా ఒంటరిగా. వాట్సాప్ స్టేటస్‌లో కాదు, ఆరాధన అవ్వగానే గుమ్మం దగ్గర నలుగురిలో కాదు. మంగళవారమో బుధవారమో సాయంత్రం ఇంటికి వెళ్లు, పాస్టరమ్మగారికి ముందే ఫోన్ చేసి వెళ్లు. అయ్యగారూ, మీరు ఆ పేరు చెప్పినప్పుడు అవతలి పార్టీకి ఓటేసే మా నాన్న బెంచీ మీదే ఉన్నాడు, ఆ రోజు నుంచి ఆయన ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం మానేశాడు అని చెప్పు. (నీ ప్రశ్నలో మధ్యలో ఒక లైనుగా రాసి వదిలేశావు కానీ, నాకు అన్నిటికంటే బరువైన మాట అదే.) ఆయన వినొచ్చు, వినకపోవచ్చు. ఆయనకు ఎవరి నుంచి ఏ ఒత్తిడి వచ్చిందో నీకు తెలియదు. చర్చి గోడ పర్మిషన్ ఎవరి టేబుల్ మీద ఆగి ఉందో, మైకు మీద ఎవరు ఫిర్యాదు చేశారో. పాస్టర్లు భయపడే మనుషులే.

రాజకీయాలంటేనే వద్దు, ప్రార్థన చేసుకుని కూర్చుందాం అనేవాళ్లు నీకు ఇప్పుడు చాలామంది దొరుకుతారు. వాళ్ల మాట తియ్యగా ఉంటుంది. కానీ మనకు, అంటే ఈ నేల మీద సంఘాల్లో ఎక్కువ మందికి, ఆ దారి లేదు. కొంచెం వెనక్కి వెళ్లి చెబుతాను.

డోర్నకల్ బిషప్ అజరయ్య గారి పేరు మీ నాన్నగారికి తప్పకుండా తెలిసి ఉంటుంది. 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామని తెల్లదొరలు అంటే ఆయన వద్దన్నారు. సంఘాన్ని రాజకీయ కులంగా మార్చేస్తారని ఆయన భయం. ఆయన 1945లో పోయారు. 1949లో రాజ్యాంగ సభలో మైనారిటీలకు రిజర్వు సీట్లు వద్దనుకున్నప్పుడు, సభ ఉపాధ్యక్షుడు హెచ్.సి. ముఖర్జీ, ఆయన క్రైస్తవుడే, ఆ నిర్ణయాన్ని సమర్థించారు. మా ఓట్లు మూట కట్టి ఎవరికీ ఇవ్వం అన్నారు మన పెద్దలు. అదే మూటను మనం ఒక శాలువాకు ఇచ్చేస్తున్నాం.

ఆ మరుసటి ఏడాదే, 1950లో, షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు వచ్చింది. హిందువులు కానివాళ్లు ఎస్సీలు కారన్నది దాని మూడో పేరా. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన మాల మాదిగలను మాత్రం ఇక్కడ బీసీ-సీలో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ అడ్డు తీసేయమంది. 2004లో సుప్రీంకోర్టులో పడిన పిటిషన్ ఇరవై ఏళ్లు గడిచినా తేలలేదు. నీ చర్చిలో నీ పక్కన కూర్చునేవాళ్లలో ఎంతమంది సర్టిఫికెట్‌లో ఒకటి, బాప్తిస్మం రిజిస్టర్‌లో ఒకటి రాయించుకుని బతుకుతున్నారో నీకు తెలుసు. కొందరు పిల్లల ఫీజుల కోసం రిజిస్టర్‌లో పేరే ఎక్కించుకోరు. ఇది ఉపవాస ప్రార్థనతో పాటు పార్లమెంటులో తేలాల్సిన విషయం. అందుకే రాజకీయాలు మురికి అని చేతులు కడుక్కోవడం, కడుక్కోగలిగినవాళ్ల సరదా. యేసును సిలువకు అప్పగిస్తూ చేతులు కడుక్కున్న గవర్నర్ పిలాతు సువార్తల్లోనే ఉన్నాడు.

అలాగని మొత్తంగా ఒక పార్టీ జేబులో దూరితే ఏమవుతుందో చూడాలంటే అమెరికా వైపు చూడు. డల్లాస్‌లో మా మేనల్లుడి సంఘం ఎన్నికల మీద రెండు ముక్కలైంది, తెలుగు సంఘమే, మొత్తం నలభై కుటుంబాలు. అక్కడ 1979లో జెర్రీ ఫాల్వెల్ అనే పాస్టర్ మోరల్ మెజారిటీ అని సంస్థ పెట్టి క్రైస్తవ ఓట్లను ఒక పార్టీ వైపు తోలాడు. పదేళ్లకు, 1989లో దాన్ని మూసేశారు. అందులో పెద్ద పదవుల్లో పనిచేసిన ఇద్దరు తర్వాత పుస్తకం రాశారు, అధికారంతో దేశాన్ని మార్చగలమనుకోవడం పొరపాటు అని. ఆ సంస్థ మూతపడింది కానీ అలవాటు పోలేదు. ఇప్పుడు వాళ్ల వీడియోలు మన కూడికల గ్రూపుల్లోకి వస్తున్నాయి, వాళ్ల గొడవలు మనవిగా చేసుకుని కొట్టుకుంటున్నాం. మన మురుగు కాలువ ఏ వార్డు కిందికి వస్తుందో తెలియదు, ఒహాయోలో ఎవరు గెలిచారో తెలుసు.

యేసు ప్రభువు ఏం చేశాడంటే, ఐదు రొట్టెలు పంచిన తర్వాత జనం బలవంతంగా రాజును చేయబోతున్నారని గ్రహించి ఒంటరిగా కొండెక్కిపోయాడు, యోహాను 6లో ఉంది. ఆకలిగా ఉన్నవాళ్లకు పెట్టడం మానలేదు, వాళ్లిచ్చే కిరీటం మాత్రం తీసుకోలేదు. పన్నెండు మందిలో రోము ప్రభుత్వానికి సుంకం వసూలు చేసిన మత్తయి ఉన్నాడు, జెలోతే (రోము పాలన వద్దనే పక్షం వాడు) అనబడిన సీమోనూ ఉన్నాడు. ఆ ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారు. ఆ భోజనాల దగ్గర ఏం వాదించుకున్నారో ఎవరూ రాయలేదు, నాకు మాత్రం తెలుసుకోవాలని ఉంటుంది.

ఆ మాట మీదనే మీ నాన్నగారి సంగతి. నీ రాజకీయం తప్పని ఒప్పుకోనక్కర్లేదు, ఆయన పార్టీ గొప్పదని అనక్కర్లేదు. నువ్వు అన్న ఆ ఒక్క మాటకు, పదవీ విరమణ తర్వాత ఆయనకు పనేమీ లేదని అన్నావు కదా, దానికి మాత్రం క్షమాపణ అడుగు. విడిగా, పార్టీ ఊసెత్తకుండా. మా బామ్మర్దితో నేను మూడేళ్లకు మాట్లాడాను, వాళ్ల అమ్మాయి పెళ్లి కార్డులు అచ్చు వేయాల్సి వచ్చి. కార్డు ప్రూఫు చూస్తూ, ఈ పేరులో ఒత్తు తప్పు పడింది బావా అన్నాడు. అంతే, అక్కడి నుంచి మొదలైంది. నువ్వు మూడేళ్లు ఆగకు.

ఓటు వెయ్యి. నోటా ఉంది కదా అంటావు. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది, నేనూ ఒకసారి నొక్కాను. నోటాకు ఎన్ని పడ్డా అసెంబ్లీకి మిగిలినవాళ్లలో ఎక్కువ వచ్చినవాడే వెళ్తాడు, అది తెలిసే నొక్కు. నా పద్ధతి ఇప్పుడు చాలా చిన్నది. వానకు కాలనీ మునిగినప్పుడు ఎవరు ఫోన్ ఎత్తారు, పక్క మతం వాడి మీద విషం కక్కకుండా ఓటు ఎవరు అడిగారు, ఈ రెండే చూస్తాను. పొద్దున్నే వెళ్లి వేసి వచ్చి టిఫిన్ తింటాను. ఎవరికి వేశానో మా ఆవిడకు కూడా చెప్పను, ఆమెకు అది పెద్ద బాధ.

ఇక సమాధుల తోట. నువ్వు వదిలేయకూడనిది ఇదొక్కటే అనుకుంటున్నాను, ఎందుకంటే అది నిజమైన అవసరం. నగరంలో పాత క్రైస్తవ సమాధుల తోటల్లో ఎంత ఇరుకో నీకు వేరే చెప్పాలా, నారాయణగూడ వెళ్లి చూస్తే సమాధి మీద కాలు పడకుండా నడవడమే కష్టం. తండ్రి సమాధి తెరిచి కొడుకును, భర్త సమాధి తెరిచి భార్యను పెడుతున్నాం. నాయకుడు ఇవ్వకపోతే ఆ పని అయిపోయినట్టు కాదు. మీ సంఘం ఒక్కటే పోకుండా, చుట్టుపక్కల ఉన్న సీఎస్ఐ, బాప్టిస్టు, పెంతెకొస్తు, కతోలిక సంఘాల నుంచి ఇద్దరిద్దరిని పోగు చెయ్యి. వీళ్లను ఒక గదిలో కూర్చోబెట్టడమే పెద్ద పని, ఎన్నికల్లో తిరగడం కంటే కష్టం. మా సంఘాల్లో కమిటీ ఎన్నికలు, కోర్టు కేసులు చూసినవాడికి అసెంబ్లీ ప్రశాంతంగా కనిపిస్తుంది. అయినా పిలువు. మీలో ఎవరూ కండువా వేసుకుని రావొద్దని మొదటి రోజే చెప్పు. ఆయన మాటిచ్చిన స్థలం సర్వే నంబరు నీ దగ్గర ఉంటే, అది ప్రభుత్వ భూమా, ఎవరికైనా కేటాయించారా అని పది రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. నా అనుమానం, ఆ స్థలం ఇవ్వడానికి వీల్లేనిదని ఆయనకు మొదటి నుంచీ తెలుసు. అది తేలితే వేరే స్థలం అడగొచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి, అంటే జనం అర్జీలు తీసుకునే కార్యక్రమం, ఉంటుంది. అన్ని సంఘాల సంతకాలతో వెళ్లు, ఊళ్లో అన్ని పార్టీల వాళ్లకూ ఒక్కో కాపీ ఇవ్వు, ఎవరు వస్తే వాళ్లతో నడువు. మాకు ఇట్లా తిరిగితే ఐదేళ్లకు దొరికింది స్థలం కాదు, పాత తోటకు ప్రహరీ, ఒక బోరు. దానికే సంతోషించాం.

ముందు వరుస పెద్దావిడ సంగతి సగంలో ఆపాను కదా. ఆమె రెండేళ్ల కిందట పోయింది. భర్త సమాధినే తెరిచారు. వాన పడి మట్టి జారుతోంది, పెట్టె దించడానికి తాడు పట్టేవాళ్లు తక్కువయ్యారు. నాతో పాటు నాలుగు ఎన్నికల్లో అవతలి పార్టీ ఏజెంటుగా కూర్చున్న భాయ్ ఒకాయన ఉన్నాడు. పొద్దున ఐదున్నరకు మాక్ పోల్‌లో యాభై ఓట్లు వేసి చూసుకోవడం దగ్గర నుంచి సాయంత్రం పోలైన ఓట్ల లెక్క ఉండే 17-సీ ఫారం చేతికొచ్చేదాకా ఒకరి లెక్క ఒకరు అనుమానంగా చూసుకుంటాం, మధ్యలో ఆయన తెచ్చిన ఉస్మానియా బిస్కెట్లు నేను, మా ఆవిడ పంపిన ఇడ్లీలు ఆయన తింటాం. ఆ పెద్దావిడ వాళ్ల గల్లీలోనే ఉండేది. ఆయన చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి, వచ్చి నా ఎదురుగా తాడు పట్టుకున్నాడు. "మెల్లగ, మెల్లగ, నీ దిక్కు వదులు" అంటున్నాడు నాతో. ఆమె కుర్చీలో కూర్చున్న నాయకుడు రాలేదు. ఆయన వస్తాడని ఎవరూ అనుకోలేదు కూడా.

కండువాల గురించి అడిగావు. మా ఇంట్లో మూడు రంగులవి ఉండేవి. మసిగుడ్డలుగా పనికొస్తాయేమోనని మా ఆవిడ వంటింట్లో పెట్టింది కానీ, అవన్నీ పాలిస్టర్, నీళ్లు పీల్చవు, వేడి గిన్నె పట్టుకుంటే చేతికి అంటుకుంటాయి. ఇప్పుడు ప్రెస్‌లో మిషన్ మీద దుమ్ము దులపడానికి వాడుతున్నారు. నీకు ప్రజావాణికి దరఖాస్తు ఎలా రాయాలో నమూనా కావాలంటే చెప్పు, మాది పంపిస్తాను. రెండు కాపీలు తీసుకెళ్లు, రెండో దాని మీద స్టాంపు వేయించుకోకుండా కౌంటర్ దగ్గర నుంచి కదలకు.